సోడా తెమ్మంటే

ఈ రోజు మధ్యాహ్నం మా బావమరిది మునగపాక నుంచి గిన్నెడు బెల్లం పాకం పట్టుకొచ్చి, తిన్నగా సోఫా మీద పెట్టేడు. గిన్నె ఒరిగిపోయింది. సాయంత్రం మా ఆవిడతో పనిచేసే టీచర్లు ఇంటికి రావాలి. ఆవిడ ఫోన్లో ఏదో వీడియో చూసి, "ఒరేయ్, వెళ్లి సోడా తే" అంది తమ్ముడితో. ఆవిడ అడిగింది వంటసోడా. వాడు తెచ్చింది గోలీ సోడా. సగం తాగేసి, మిగతాది మరక మీద పోసి తువ్వాలుతో రుద్దేడు.

చిత్రంగా మరక పోయింది. ఆ చోట పళ్లెమంత తెల్లటి గుండ్రం తేలింది. మా సోఫా కొన్నప్పుడు తెల్లగా ఉండేదన్న సంగతి ఇంట్లో అందరం మర్చిపోయేం.

"ఇదేట్రా?" అంది ఆవిడ.

"మరక పోయిందక్కా. ఇప్పుడు మిగతా సోఫాయే మరక."

టీచర్లు వచ్చి వెళ్లేదాకా నేను ఆ గుండ్రం మీంచి లేవలేదు. మా ఇంటి కాఫీ నాకు వాళ్లే అందించేరు. ఎంత పొగరనుకున్నారో ఏటో.

మీ సోఫా అసలు రంగేటో మీకు గుర్తుందా? గుర్తు లేకపోతే సోడా పోసి మాత్రం చూడకండి.