వదినకు పాలొచ్చిన రాత్రి

ఈ సంగతి నేను పైఊళ్ళవాళ్ళకు చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ మాత్రల సంగతి దాచేశాను. ఈసారి అదీ చెబుతాను. ఇందులో ఒక్క మాట అబద్ధమున్నా నేనెక్కిన పడవ ఒడ్డుకు చేరకూడదు.

అరవైల నాటి మాట. వాకాడు దగ్గర సముద్రపు పల్లె మాది. గుడిసెలో నేనూ, మా అన్న భార్య పోలమ్మ వదినా. అన్న సముద్రంలో పోయాడు. అంతకుముందే మూడు నెలల బిడ్డ పోయింది. అదంతా జరిగి అప్పటికి పదేళ్ళయింది. ఆ ఏడు వదిన కాళ్ళు, మొహం వాచాయి. మూత్రపిండాలు చెడ్డాయన్నారు డాక్టరుగారు. ఉప్పుచేప మానమన్నారు. వాంతులు తగ్గి నిద్ర పట్టడానికి రాత్రికొక మాత్ర ఇమ్మన్నారు.

ఇచ్చే పని నాది. వదిన మూలుగుతుంటే నాకు నిద్ర పట్టేది కాదు. అందుకని... ఒకటికి మూడు వేశాను. రోజూ.

ఇరవై రోజులయ్యాక, ఆ రాత్రి. గాలి లేదు. అరుగు మీద పడుకున్నాను. లోపల్నుంచి చిన్న చప్పుడు. చప్... చప్... ఆగి, మళ్ళీ చప్... చంటిబిడ్డ పాలు తాగే చప్పుడు.

బుడ్డీదీపం పట్టుకుని లోపలికెళ్ళాను. చప్పుడు ఆగింది. వదిన గోడకానుకుని కూర్చుని ఉంది. రవిక తడిసిపోయింది. చాప మీద బొట్లు... తెల్లగా.

"అబ్బయా, పాలొస్తుండాయి. ఇప్పటిదాకా ఒళ్ళో ఏందో బరువు..."

ఒళ్ళో ఏమీ లేదు. కానీ చీర మడతల మధ్య ఒక గుంట. బిడ్డను పడుకోబెడితే పడేంత గుంట. నేను చూస్తుండగానే... మెల్లగా... పైకి లేచింది.

తెల్లారగానే వలల దగ్గర అందరికీ చెప్పేశాను. చప్పుడు చెప్పాను. గుంట చెప్పాను. మాత్రలు చెప్పలేదు.

బాలింత వల తాకితే చేప పడదంటారు మా వాళ్ళు. పక్కింటి నాగమ్మ నడుం మీద చెయ్యేసుకుంది.

"మొగుడు లేనిదానికి పాలేందిమే? చచ్చిన బిడ్డొచ్చి తాగతా ఉండాదంట! వలల కాడికి రాబాక. పున్నమిలోగా మీ పుట్టింటికి పో."

పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. అక్కడ డాక్టరూ లేడు. వదిన నావైపు చూసింది. నేను తలొంచుకుని వల చిక్కు తీస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం ఉండబట్టలేక డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను.

"ఎన్నేశావు?" అన్నారాయన. చెప్పాను. కొట్టలేదు, అంతే. "ఆ మాత్రకు ఒక్కోసారి పాలొస్తాయి. మూత్రపిండాలు చెడినవాళ్ళకు ఇంకా తొందరగా. ఆపెయ్."

ఆపాను. పదిరోజులకు పాలు ఇంకిపోయాయి. ఉప్పుచేప మానడంతో వాపు కూడా దిగుతూ వచ్చింది. ఒకరోజు నాకంటే ముందే లేచి పొయ్యి రాజేసింది వదిన.

సరే, పాలు మాత్ర వల్ల. మరి ఆ చప్పుడు? ఆ గుంట? అడిగితే డాక్టరుగారు నవ్వలేదు. "అది నాకూ తెలీదు" అన్నారు. నాకైతే ఇప్పటికీ తెలీదు.

పున్నమినాడు వదిన మూట కట్టుకుంది. ఆ మూట లాక్కుని వలల దగ్గరికి నడిచాను. వదిన వెనకే వచ్చింది. మూడు మాత్రల సంగతీ, పాలు వాటివల్లేనన్న డాక్టరుగారి మాటా అందరి ముందూ చెప్పేశాను.

"ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకోనుండావురా?" అంది నాగమ్మ. ఆమే వదినను చెయ్యి పట్టుకుని వలల మధ్య కూర్చోబెట్టింది.

నేను వదిన పాదాలు పట్టుకున్నాను. వేలు పెడితే గుంటపడే పాదాలు. ఆరోజు గుంట పడలేదు.

"తప్పు నాది వదినా. నీకు మూడేసిందీ నేనే, నోరు మూసుకున్నదీ నేనే. నన్ను మన్నించు."