పన్నెండేళ్లు పెద్దదైన గంగులమ్మ

ఫహాహీల్‌లోని ఆ కువైటీ ఇంట్లో ముసలావిడ బాగోగులన్నీ గంగులమ్మవే. అక్టోబరు ఒకటిన వృద్ధుల దినమని మనవలంతా పూలు తెచ్చి ముసలావిడ నుదుట ముద్దులు పెడుతుంటే, ఆ పండగ తన ఇంట్లోదే అయినట్టు గంగులమ్మ మురిసిపోయింది. ఇంతలో పనివాళ్లు అమ్మగారన్నట్టు 'మామా' అని పిలిచే ఇంటి యజమానురాలు కొత్త శాలువా తెచ్చి గంగులమ్మ భుజాల మీద కప్పింది.

"నీకూ అరవై నిండాయి కదా! ఈ రోజు నీది కూడా. ఇక పని ఖలాస్. ఊరికి పోయి హాయిగా కూర్చో," అంటూ టికెట్టు చేతిలో పెట్టింది. పోవడానికే టికెట్టు, రావడానికి లేదు.

అరవై ఎవరికి? గంగులమ్మకు నలభై ఎనిమిదే. ముప్పై దాటని ఆడమనిషిని ఇంటిపనికి పంపరని అప్పట్లో రాయచోటి ఏజెంటు పాసుపోర్టులో వయసు పెంచాడు. ఆరేడేళ్లు పెంచితే సరిపోయేది. ఎందుకైనా మంచిదని ఏకంగా పన్నెండు కలిపేశాడు, వాడి చేతులు పడిపోను! యాభై ఏళ్ల అక్క గంగారత్నం కంటే చెల్లెలే పదేళ్లు పెద్దదైంది. ఆ మాటకు ఇద్దరూ ఫోన్లో ఎన్నిసార్లు నవ్వుకున్నారో! ఇప్పుడు నవ్వు రాలేదు. కడపలో కూతురు చంద్రిక నర్సింగు చదువు సగంలో ఉంది. ఈ పని పోతే ఆ చదువూ పోయినట్టే.

వంటింట్లోకి ఉరికి, తన ఊరి పక్కవాడే అయిన డ్రైవరు జిలానీ బాషాను పట్టుకుంది.

"ఏం చేసేదిరా జిలానీ? నిజం చెప్పేద్దునా?"

"నోరెత్తొద్దక్కా! వయసు తప్పని తెలిస్తే పాసుపోర్టే దొంగదంటారు. జైల్లో ఏస్తారు."

అప్పుడే హాల్లోంచి ముసలావిడ కేక వినిపించింది. "దానికి అరవయ్యా? నన్ను ఒక్కతే ఎత్తి కూర్చోబెడుతుంది. అబద్ధం!"

మామా మొహంలో నవ్వు పోయింది. గంగులమ్మను పిలిచి, "నిజం చెప్పు, నీ వయసెంత?" అని నిలదీసింది.

తలుపు దగ్గర జిలానీ వద్దన్నట్టు తల ఊపాడు.

"అరవై, మామా."

ముసలావిడ నమ్మలేదు. "ఏదీ, లేపు నన్ను," అని రెండు చేతులూ చాచింది.

గంగులమ్మ వంగింది. రోజూ పూచికపుల్లలా లేపే మనిషిని కాస్త కదిలించి వదిలేసి, తన నడుం పట్టుకుని, "నా వల్ల కాలేదు, మామా," అంది.