తడిచీరతో తీర్చిన మొక్కు

సూది వేసే ముందు చేతికి రాసే స్పిరిట్ వాసన తగిలితే ఇప్పటికీ మరియమ్మ సిస్టర్ గుర్తుకొస్తుంది. వనపర్తిలో మా వీధి చివరి చిన్న నర్సింగ్ హోంలో ఆమె కట్లు కట్టేది. నేను బడికి పోలేదు, నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ఒంటి మాట వినడం నేర్పింది మాత్రం ఆమె.

గద్వాలలో మేడమెట్ల మీద నుంచి పడ్డ నాకు రెండు ఆపరేషన్లయినా నడుము నొప్పి తగ్గలేదు. చివరికి హైదరాబాదులో వెన్నులోకి సన్నటి తీగలు వేసి, నడుము కింద చర్మంలో నొప్పిని అణిచే అగ్గిపెట్టెంత మిషన్ పెట్టారు. ఆరేళ్ళ తర్వాత పూజ దగ్గర నేల మీద కూర్చోగలిగాను. ఆ సంతోషం పట్టలేక, గాయం తడపవద్దన్న మాట మరిచి, మూడో వారంలోనే తడిచీరతో ఇలవేల్పు గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టి మొక్కు తీర్చుకున్నాను.

నాలుగు రోజులకు గాయం ఎర్రబడి వేడెక్కింది. తర్వాత పావడకు చీము అంటింది. చీము పడితే మిషన్ తీసేస్తారని ఆస్పత్రిలోనే విన్నాను. అందుకే పావడ నేనే ఉతుక్కున్నాను, జ్వరాన్ని అలసట అని మా ఆయనకు చెప్పాను. మళ్ళీ ఆ నొప్పిలోకి పోవాలన్న తలపునే దగ్గరికి రానివ్వలేదు.

ఆదివారం కట్టు విప్పిన సిస్టర్ చీము పట్టి ఎన్నాళ్ళయిందని అడిగింది. ఇవాళే అన్నాను. ఆమె నా నుదురు ముట్టి చూసింది. మొక్కు సంగతి చెప్పక తప్పలేదు. మెడలో సిలువ ఉన్న మనిషి, ఎక్కడ ఎత్తిపొడుస్తుందోనని తల వంచుకున్నాను.

"దేవునికేం తొందరుండె బిడ్డా? ఆయన ఆగుతుండె. చీము ఆగదు."

తీసేస్తారా అని అడిగాను.

"తీస్తరేమో. అబద్ధం చెప్ప. తీగలు వెన్నుల దాక పోయినయి. చీము గా తీగల తొవ్వ పట్టి లోపలికి పోయిందంటే పాణానికే వస్తది. మిషన్ మళ్ల పెడతరు. నిన్ను మళ్ల పెడతరా?"

గాయాన్ని నొక్కకుండా శుభ్రమైన గుడ్డ వేసి, డాక్టరుకు, మా ఆయనకు ఫోన్ చేసి, చర్చిలో ప్రార్థన మాని మాతో హైదరాబాదుకు జీపెక్కింది. మరునాడు మిషన్, తీగలు అన్నీ తీసేశారు.

నొప్పి తిరిగొచ్చింది. ఒకరోజు కట్టు కడుతున్న ఆమెనే, నీవల్లే తీశారని తిట్టాను. "తిట్టు బిడ్డా, గొంతు గట్టిగనే ఉంది. జరం లేనట్టే" అని తన పని తాను చేసుకుంది.

ఎనిమిది నెలలకు కొత్తది పెట్టారు. ఇప్పుడు అమ్మవారి ముందు కూర్చుంటే, ఎక్కడ నొస్తుందో దాచకుండా చెప్పుకుంటాను. దండం ఆ తర్వాతే.