అమ్మ కుట్టిన సీటు

మొన్న స్నేహితురాలి కొత్త కారెక్కగానే రెగ్జిన్ వాసన తగిలి, ఏలూరులో అమ్మ కారు సీట్లు కుట్టే కొట్టు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు తాడేపల్లిగూడెం నుంచి ఒకాయన తన మామూలు కారునే రేసుకు సిద్ధం చేసుకుంటూ అమ్మ దగ్గరికి తెచ్చారు. డ్రైవరు సీటొక్కటే కొత్తగా కుట్టించుకుని మిగతావన్నీ పీకించేశారు. అమ్మ పని నచ్చలేదేమోనని నేను అలిగి అన్నం తినలేదు.

"బరువు తగ్గితేనే కదమ్మా కారు పరుగెత్తేది," అని అమ్మ నవ్వింది.

కొన్నాళ్లకి ఆయన దక్షిణాది ఛాంపియన్‌షిప్ గెలిచి, అదే కార్లో కప్పు పట్టుకుని వచ్చారు. "మలుపుల్లో ఎక్కడా సీట్లోంచి పక్కకి జారలేదండీ. అంతా మీ చలవే."

అమ్మ కప్పు వైపు చూడలేదు. కార్లోకి వంగి, సీటు అంచు వేళ్లతో లాగి చూసింది.

"పర్లేదండీ, కుట్టు వదల్లేదు."

మర్నాడు బడిలో రేసు మా అమ్మే గెలిచిందని చెప్పాను. రేసులంటే ఏమిటో తెలిసిన ఈ వయసులోనూ ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించదు.