మడ బురదలో నావ చెక్క

తుఫానులో కాంతం మొగుడు ముత్యాలరాజూ, అతని నావా పోయాయి. నావ, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరి మడచెట్ల బురదలో కూరుకుపోయిందని అందరికీ తెలుసు. మనిషి మాత్రం దొరకలేదు. పదేళ్ల తరవాత, రొయ్యల చెరువులు కొత్తగా వచ్చిన రోజుల్లో, మరిది చిన్నబ్బాయి అక్కడే తవ్వకం మొదలెట్టాడు.

"నావున్న చోటు వదిలెయ్యి అబ్బాయ్," అని బతిమాలింది కాంతం.

"మూల వదిలేస్తే చెరువెలా అవుద్ది వదినా? ఈపాటికది చివికి మన్నయిపోయుంటదిలే."

చివకలేదు. నల్లటి బురదలోంచి నావ చెక్క గట్టిగా అలాగే లేచింది. ఎప్పుడో రాలిన మడాకులు కూడా ఆకుల్లాగే దానికి అంటుకుని ఉన్నాయి. కాంతం దాన్ని పసిబిడ్డకి నీళ్లు పోసినట్టు కడిగి అరుగు మీద ఆరబెట్టింది.

నాలుగు ఎండలు తగిలేసరికి చెక్క పగుళ్లిచ్చి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలసాగింది. గట్టు మీద పోసిన బురదా ఎండి గాలికి లేచిపోతోంది. ఇన్నేళ్లూ చెక్కని కాపాడింది ఆ బురదేనని కాంతానికి అప్పుడు తెలిసొచ్చింది.

మిగిలిన ముక్కని తడిగుడ్డలో చుట్టుకుని, పోటు దిగాక, ఇంకా తవ్వని మడల్లోకి దిగింది.

"మళ్లీ పాతేస్తన్నావా వదినా?" అన్నాడు చిన్నబ్బాయి గట్టు మీంచి.

"ఇక్కడైతే ఉంటాడయ్యా. ఈ పక్కకి మాత్రం రాకు."

రెండో చెరువు కోసం చిన్నబ్బాయి అప్పటికే పాతించిన గుర్తుకర్రలు ఆమె నిలబడ్డ చోటు దాటి, అవతల దాకా ఉన్నాయి.