డ్రిల్లు మాస్టారిని దేవుడు నిలబెట్టిన విధం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, పోయిన వేసవిలో మన నర్సీపట్నం మొత్తం మీద నాకంటే చీకటిలో ఉన్న మనిషి లేడు. ఇరవై ఏళ్లు పిల్లల చేత బస్కీలు తీయించిన డ్రిల్లు మాస్టారినైన నేను, రోలుగుంటలో మా బావమరిది జీడితోటకు వెళ్లి, అందరూ వద్దంటున్నా చెట్టెక్కి, ఎక్కినదానికంటే బేగి దిగి మోకాలిచిప్ప విరగ్గొట్టుకున్నాను. ఆపరేషన్ అయింది, కట్టు విప్పారు, కాలు మాత్రం టేకుదుంగలా బిగుసుకుపోయింది. గుడిలో "నిలబడి ప్రార్థిద్దాం" అనగానే తొంభై ఏళ్ల ముసలమ్మలు లేచేవారు. క్లాసులో ఎందరినో బెంచీ ఎక్కించి నిలబెట్టిన నేను మాత్రం కుర్చీలో కూర్చుని కన్నీళ్లు మింగేవాణ్ని. మళ్లీ ఒక్కసారి సంఘంతో పాటు లేచి నిలబడాలి, అదే నా కోరిక.

ఫిజియోథెరపిస్టు మేడంగారు మన ఊరికి శనివారం మాత్రమే వస్తారు. మిగతా రోజులకు మనిషి కోసం ఫోనులో వెదికితే అందరూ విశాఖపట్నంలోనే ఉన్నారు. "ప్రభువా, నా కాలు పిండి వంచడానికి ఎద్దులాంటి బలవంతుణ్ని పంపు" అని ప్రార్థించాను. ఆ మేడంగారినే అడుగుదామన్న ఆలోచన మాత్రం మా ఆవిడ మరియమ్మకు వచ్చింది. అడిగితే తెలిసింది, మేడంగారి దగ్గరే పని నేర్చుకున్న అసిస్టెంటు పార్వతి, కొయ్యూరు అమ్మాయి, మన బస్టాండు వెనకే అద్దెకుంటోందట.

సోమవారం పార్వతి మా ఇంటికి వచ్చింది. అగ్గిపుల్లంత మనిషి. నేను ఏనుగుకు సరిపడా నువ్వులనూనె వేడి చేయించుకుని, తువ్వాలు కట్టుకుని, పెళ్లికొడుకులా పడుకున్నాను.

"ఏటి మాస్టారూ, ఈ నూనె?"

"మాలిష్‌కమ్మా."

"అమ్మగారూ, దీంతో గారెలు ఏసేయండి. మాస్టారూ, మీరు లెగండి. కాలు మీది, వంచే పనీ మీదే."

పదిసార్లు వంచగానే చాలంది. ఇరవై చేస్తానన్నాను.

"మేడం పదే రాసినారు. పెంచడం, తగ్గించడం ఆవిడ పని. దగ్గరుండి సరిగ్గా సేయించడం, ఎంత వంగిందో, ఎక్కడ నెప్పొచ్చిందో రాసి ఆవిడకి సెప్పడం నా పని."

నా ముందు లెక్కపెట్టడమా అని నాకు రోషం వచ్చింది. ఆదివారానికల్లా లేవాలని, ఉపవాసముండి, తలుపేసుకుని వందసార్లు వంచడానికి పూనుకున్నాను. ముప్పయ్యోసారికి మోకాలు పనసకాయ అయింది.

"నిన్న ఎన్ని సేసినారు?" అంది పార్వతి మర్నాడు.

"పదే."

"మీరు పదంటన్నారు, మీ కాలు అలాగ అనట్లేదండి."

తిట్టలేదు. గుడ్డలో ఐసు చుట్టి పెట్టి, మేడంగారికి ఫోను చేసింది. శనివారం ఆవిడ చూసేదాకా వ్యాయామం బందు. ఇక ఈ కాలింతేనేమో అనుకున్నాను. "ప్రభువా, బలవంతుణ్ని అడిగాను, నువ్వు లెక్క తెలిసిన మనిషిని పంపావు. ఆమె మాట వినే బుద్ధి కూడా నువ్వే ఇవ్వు" అని ఏడ్చాను.

శనివారం మేడంగారు చూసి, వాపు తగ్గాక మళ్లీ పదితో మొదలుపెట్టమన్నారు. ఆ తర్వాత పదంటే పదే. మేడంగారు పన్నెండు రాసిన రోజున మిఠాయిలు పంచాను.

పోయిన ఆదివారం పాస్టరుగారు "నిలబడి ప్రార్థిద్దాం" అన్నారు. లేచాను, సహోదరులారా. చేతికర్ర లేదు, గోడ లేదు. పాస్టరుగారి ప్రార్థన బస్సెక్కి కొయ్యూరు వెళ్లి వచ్చేంత పొడుగు, అయినా కొండలా నిలబడ్డాను. జిల్లా పోటీల్లో మా పిల్లలు కప్పు తెచ్చినప్పుడు కూడా నా ఛాతీ అంత పొంగలేదు. ఇంకో పాట కూడా నిలబడే పాడదామనుకున్నాను. ఇంతలో మరియమ్మ పిలిస్తే వచ్చి వెనక వరసలో ఉన్న పార్వతి నా పక్కకు వచ్చింది.

"పదమూడు నిమిషాలయింది మాస్టారూ. నిలబడ్డానికి మేడం పదే రాసినారు. కూకోండి."

కూర్చున్నాను. నా జీవితంలో ఒక మాట మొదటిసారికే విన్నది ఆ రోజే. మోకాలిని వంచి, దానికంటే బిగుసుకుపోయిన నా మెడను కూడా వంచిన దేవునికే మహిమ. మంచం మీద ఉండి సహాయం కోసం ఎదురుచూస్తున్న ప్రియులారా, ఆయనను నమ్మండి; ఆయన పంపిన మనిషి బస్టాండు వెనకే ఉండవచ్చు, తలుపు తీయండి.