రెండో ప్లేటులో అమ్మ జాగా

నిన్న సాయంత్రం మా వాడకట్టులో బతుకమ్మ ఆట కోసం మైకుసెట్టు కట్టారు. పెద్దమ్మ పోయి ఏడాది తిరగలేదు కనుక మేము ఆడకూడదు. నేను కిటికీ పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి గ్రామఫోను ప్లేటులోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. ఒక చరణం పాడి ఆగింది. మైకువాడు "ప్లేటు ఖరాబున్నది" అని ముల్లు ఎత్తేసి సినిమా పాట పెట్టాడు.

ఆ ప్లేటు ఖరాబు కాలేదు. పెద్దమ్మ, అమ్మ అక్కాచెల్లెళ్లు; పోచంపల్లిలో గోడకు అటూ ఇటూ ఇళ్లు. బతుకమ్మ పాటను ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు మారుపలకాలి. ఇంట్లో నేతకు నూలు ఆసు పోస్తూ పెద్దమ్మ ఎత్తుకునేది, గోడ అవతలి నుంచి అమ్మ పలికేది. అలాగే ప్లేట్ల కంపెనీ పిలిస్తే ఇద్దరూ పట్నం వెళ్లి మొదటి ప్లేటు పాడి వచ్చారు. గాజుల చప్పుడు మైకులో పడుతోంది, తీయమని అక్కడి సారు అంటే పెద్దమ్మ గయ్యిమందట. "ముత్తైదువలం, గాజులెట్ల తీస్తం సారూ? జర సోయి తెచ్చుకొని మాట్లాడు!" చివరికి మోచేతుల దాకా తువ్వాళ్లు చుట్టుకుని, చేతులు కాలినవాళ్లలా నిలబడి పాడామని అమ్మ నవ్వుతూ చెప్పేది. ఊళ్లో చాయ్ హోటల్లో ఆ ప్లేటు గీతలు పడేదాకా తిరిగింది.

రెండో ప్లేటు అడిగేనాటికి అమ్మ లేదు. దవాఖానకు వెళ్లి తిరిగి రాలేదు. పెద్దమ్మ ఆసు దగ్గర కూడా పాట మానేసింది. పట్నం పోనంటుందనుకున్నాం. కబురొచ్చిన మర్నాడే నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది.

మారుపలకడానికి సారు ఇద్దరు అమ్మాయిలను పిలిపించాడు. పెద్దమ్మ వాళ్లను నోరు తెరవనివ్వలేదు. చరణం పాడి, మారుపలికేంతసేపు ఊరుకుని, తర్వాతి చరణం ఎత్తుకుంది.

"మధ్యలో ఈ ఖాళీ ఏమిటమ్మా?"

"గది మా చెల్లె జాగ. మొదటి ప్లేటుల దాని గొంతు మీకాడనే ఉన్నది గద సారూ. తీసి గీడ పెట్టుండ్రి."

సారు ఆ అమ్మాయిలను పంపేశాడు. "పాడమ్మా" అన్నాడంతే.

ప్లేటు వచ్చిన రోజు పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని హోటల్ ముందు బల్ల మీద కూర్చుంది. మొదటి చరణం ముగిసింది. ముల్లు గరగర. పెద్దమ్మ ముందుకు వంగి చెవి అటు పెట్టింది. రెండో చరణం తర్వాతా అదే గరగర. వెనక నుంచి ఎవరో నవ్వారు. "ఏందక్కా, నడుమ నడుమ కునుకు తీసినవా?"

పాట అయ్యేదాకా కూర్చుని, నా చెయ్యి పట్టుకుంది.

"రాలె బిడ్డా."

మూడో ప్లేటు ఎవరూ అడగలేదు. ఆమె మళ్లీ పాడనూ లేదు.

నిన్న లేచి వెళ్లి మైకువాడికి చెబుదామనుకున్నాను. అంతమందిలోకి గడప దాటలేకపోయాను. కాలమూ ఆ మైకువాడి లాంటిదే. కాసేపు గొంతు వినపడకపోతే ప్లేటు ఖరాబైందనుకుని ముల్లు ఎత్తేస్తుంది.